కోర్సులో చేరండి, కెమెరా తొందర వద్దు

ప్రశ్న: కడపలో ప్రైవేటు స్కూల్ టీచర్‌ని. నా జీతం 18,000, మావారిది 22,000. ఖర్చులు పోగా నెలకు 4,000 దాకా మిగులుతాయి. జూన్‌లో పాప స్కూలు ఫీజు కట్టాలి. 40,000 ఎఫ్‌డీ ఉంది. ఫోటోగ్రఫీ నేర్చుకోవాలని ఎప్పటి నుంచో కోరిక. ఆదివారాలు చెప్పే రెండు నెలల కోర్సుకు ఫీజు 12,000. 60,000 కెమెరాను నో కాస్ట్ ఈఎంఐలో వాళ్లే ఇప్పిస్తారట. ఎఫ్‌డీ తీసి చేరమంటారా? ఈ వయసులో ఎందుకని ఇంట్లో అంటున్నారు.

జవాబు: చేరండమ్మా. నెలనెలా సంపాదించే మనిషి తన ఇష్టం కోసం 12,000 పెట్టుకుంటే అది దుబారా కాదు. ఈ మాట ఇంట్లో కూడా చెప్పండి. నేను ఆగమనేది కెమెరా దగ్గరే.

60,000ను ఏడాదికి పంచితే నెలకు 5,000. మీకు మిగిలేదే 4,000. తక్కువపడే వెయ్యిని ఒకటి రెండు నెలలు ఎలాగో సర్దుతారు, జూన్ వచ్చేసరికి చేబదులు మొదలవుతుంది. పైగా, వడ్డీ లేని ఈఎంఐ అనేదే లేదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. సాధారణంగా మీకు రావాల్సిన డిస్కౌంట్‌నే వడ్డీ కింద సర్దుతారు. ప్రాసెసింగ్ ఫీజు వేరే ఉండొచ్చు. క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే ఆ వడ్డీకి 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. అదే కెమెరా ఒకేసారి డబ్బు కడితే ఎంతకిస్తారో ఒక షాపులో అడిగి చూడండి.

ఎఫ్‌డీని ముట్టుకోవద్దు. అది మీ ఇంటి ఒక్క నెల ఆదాయం, అంతే. ఎవరైనా ఆసుపత్రిలో చేరితే చేతిలో ఉండేది అదొక్కటే. కోర్సు ఫీజును మూడు నెలల మిగులుతో కట్టి తర్వాతి బ్యాచ్‌లో చేరండి, లేదా రెండు వాయిదాలు అడగండి.

షట్టర్ స్పీడ్ (షట్టర్ ఎంతసేపు తెరుచుకుంటుందో), ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందిస్తుందో), వెలుతురును చూడటం, ఇవన్నీ సెట్టింగులు మనమే మార్చుకునే ఫోన్‌లోని ప్రో మోడ్‌తోనే చాలావరకు వస్తాయి. అపెర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం సైజు) మాత్రం ఎక్కువ ఫోన్లలో మారదు, దానికి క్లాసులో కెమెరా ఇస్తే అది సరిపోతుంది. కోర్సు అయ్యాక కూడా సెలవు రోజున దేవుని కడపకో గండికోటకో ఫోటోల కోసం వెళ్తూనే ఉంటే, అప్పుడు బ్యాంకులో నెలకు 3,000 చొప్పున ఏడాది ఆర్‌డీ వేయండి. పోస్టాఫీసు ఆర్‌డీ ఐదేళ్లది, దీనికి పనికిరాదు. ఆ 36,000తో మంచి సెకండ్‌హ్యాండ్ కెమెరా చూడొచ్చు. షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా తీసిన ఫోటోల లెక్క) ఎంతో, లెన్స్‌లో ఫంగస్ ఉందో లేదో, అసలు బిల్లు ఉందో లేదో చూశాకే డబ్బివ్వండి.

పెళ్లిళ్ల ఆర్డర్లతో కెమెరా డబ్బులు వచ్చేస్తాయని ఎవరైనా అంటే, ఆషాఢం, మూఢాల్లో ఆర్డర్లు ఎలా ఉంటాయో అడగండి. రాని ఆదాయాన్ని నమ్మి వాయిదాలు పెట్టుకోకూడదు. దీన్నే ఉపాధిగా చేసుకోవాలనుకునే పల్లెల యువత మాత్రం బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ (ఆర్‌సెటి)లో కనుక్కోవాలి. అక్కడి శిక్షణల్లో ఫోటోగ్రఫీ, వీడియోగ్రఫీ కూడా ఉంది. భోజనం, వసతి ఉచితం.

ఫీజు కట్టే ముందు మూడు సంగతులు తేల్చుకోండి. 12,000 జీఎస్టీతో కలిపేనా? కాకపోతే ఇంకో 2,160 అవుతుంది. క్లాసులో కెమెరా ఇస్తారా? మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారు? కెమెరా కొంటేనే చేర్చుకుంటామంటే ఇంకో చోటు చూసుకోండి.