ఫోన్‌లో అడిగితే చాలా, ఆసుపత్రికి వెళ్లాలా?

ప్రశ్న: నాకిప్పుడు 26వ వారం, తొలి కాన్పు. చుట్టుపక్కల అంటువ్యాధి ఎక్కువగా ఉంది. ఆసుపత్రిలో అంటుకుంటుందేమోనని పోయిన నెల చెకప్ మానేశాను. బిడ్డ బాగానే కదులుతోంది. ఇకమీదట ఫోన్‌లోనే డాక్టరు గారిని అడిగి మందులు వాడుకోవచ్చా? నాకు జ్వరం వస్తే ఏం చేయాలి?

జవాబు: మీ భయం నిజమైనదే. కొవిడ్ సోకిన గర్భిణుల్లో ఐసీయూ దాకా వెళ్లడం, నెలలు నిండకుండా కాన్పవడం ఎక్కువగా కనిపించాయి. కానీ చెకప్ మానడం దానికి విరుగుడు కాదు. నడుంనొప్పి, మలబద్ధకం, మందుల సందేహాలు ఫోన్‌లో తేలిపోతాయి. రక్తపరీక్ష, బీపీ, బిడ్డ ఎదుగుదల ఫోన్‌లో తేలవు.

మీరు ముందుగా చేయించుకోవలసింది షుగర్ పరీక్ష. దాన్ని 24 నుంచి 28 వారాల మధ్య చేయాలి, అంటే మీకు మిగిలింది రెండు వారాలే. రద్దీ లేని వేళ ఏదో కనుక్కుని, హిమోగ్లోబిన్, మూత్రపరీక్ష కూడా అదే రోజు పూర్తయ్యేలా మాట్లాడుకోండి. గ్లూకోజ్ నీళ్లు తాగాక సాధారణంగా రెండు గంటలు ఆగాలి. ఆ సమయంలో గాలి ఆడే చోట కూర్చోండి. అటూ ఇటూ నడిస్తే ఫలితం మారవచ్చు. మీది నెగెటివ్ బ్లడ్‌గ్రూప్ అయితే 28వ వారంలో యాంటీ-డి ఇంజెక్షన్ (బిడ్డ రక్తకణాలకు ఎదురుగా మీ ఒంట్లో ప్రతిరక్షకాలు పుట్టకుండా ఇచ్చేది) సంగతి తప్పక అడగండి.

బిడ్డ కదలడం మంచి సంగతే, అయితే మీ బీపీ ఎంతుందో అది చెప్పదు. బీపీ పెరిగినా మొదట్లో ఏ బాధా తెలియకపోవచ్చు. అందుకే ఇంట్లో బీపీ మిషన్ ఉంటే మేలు. ముందు మూత్రానికి వెళ్లి రండి. వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా, కాలు మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు కూర్చోండి. పట్టీని బట్ట మీద కాకుండా నేరుగా చేతికే చుట్టి, చేతిని గుండె ఎత్తులో బల్లపై పెట్టండి. మాట్లాడకండి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రాసుకోండి. పట్టీ చిన్నదైతే అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపుతుంది, చాలామంది కంగారుపడేది ఇక్కడే. పై అంకె 140 గానీ, కింది అంకె 90 గానీ, అంతకు మించి గానీ ఉంటే కాసేపాగి మళ్లీ చూడండి. అప్పుడూ అలాగే ఉంటే ఆ రోజే డాక్టరుకు చెప్పండి. పై అంకె 160కి గానీ, కింది అంకె 110కి గానీ చేరినా, తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. రక్తస్రావమైనా, ఉమ్మనీరు కారినా అంతే.

28వ వారం దాటాక కదలికలు తగ్గాయనిపిస్తే ఎడమవైపు తిరిగి పడుకుని లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది రాకపోతే రాత్రయినా సరే వెళ్లాలి. ఇంట్లో గుండె చప్పుడు వినే పరికరాలను నమ్మి ఆగిపోకండి. వినిపించేది మీ గుండెదే కావచ్చు.

జ్వరానికి పారాసిటమాల్ వాడవచ్చు, మోతాదు డాక్టరును అడగండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ సొంతంగా వేసుకోవద్దు. 20 వారాలు దాటాక అవి బిడ్డ మూత్రపిండాల మీద పనిచేసి ఉమ్మనీటిని తగ్గించగలవు. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో వేలికి పెట్టి చూసే ఆక్సిమీటర్ ఉంటే, అది పెట్టేముందు గోళ్లరంగు తుడిచి, వేళ్లు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచండి. అంకె నిలకడగా 95 కన్నా తక్కువున్నా, ఆయాసం వచ్చినా ఇంట్లో ఉండకండి. జ్వరం ఉందని బయల్దేరే ముందే ఫోన్‌లో చెబితే మిమ్మల్ని విడిగా చూసే ఏర్పాటు చేస్తారు.