చెల్లికి, గన్ గేమ్‌కి కథ రాయడం గురించి

చెల్లీ,

నువ్వు పంపిన స్క్రిప్ట్ నిన్న రాత్రి కూర్చుని మొత్తం చదివాను, పొద్దున్న లేచి ఇంకోసారి చదివాను. సింగరేణి గని లోపల జరిగే ఎఫ్‌పీఎస్ (హీరో కళ్ళతోనే చూస్తూ ఆడే గన్ గేమ్), అదీ అక్కడే పుట్టి పెరిగిన అమ్మాయి రాసింది అంటే నాకెంత సంతోషంగా ఉందో. కానీ మొదటి 12 పేజీలూ కట్‌సీనే, అంటే ప్లేయర్ ఊరికే కూర్చుని సినిమాలా చూసేదే కదమ్మా. హీరో చిన్నతనం, వాళ్ళన్న, ఆ అన్న నైట్ షిఫ్ట్‌కి దిగి పైకి రాకపోవడం, అమ్మ ఏడుపు, ఇదంతా అయ్యాక 13వ పేజీలో ప్లేయర్ చేతికి కంట్రోల్ వచ్చింది. బాగా రాశావు, అమ్మ మాట్లాడే ఆ రెండు లైన్లు ఇంకా నా చెవిలోనే ఉన్నాయి, కానీ అది సినిమాకి రాసే రాత. ఎఫ్‌పీఎస్‌లో కెమెరా ప్లేయర్ తలలో ఉంటుంది, దాన్ని నువ్వు తిప్పలేవు. అందుకే ఇక్కడ కథ రాయడం అంటే ప్రతి సీన్‌లో ఆ ప్లేయర్ చేతికి ఏం ఇస్తున్నాం, ఏం ఇవ్వట్లేదు అని తేల్చుకోవడమే. ఇన్నేళ్ళలో నేను గట్టిగా నేర్చుకున్నది ఇదొక్కటే.

నాకు ఇది ఎక్కడ తగిలిందో చెప్తా. 2000ల మొదట్లో మా ఊరి నెట్ సెంటర్‌లో గంటకి 20 రూపాయలు, మేమంతా కౌంటర్ స్ట్రైక్ కోసమే పోయేవాళ్ళం. అది 1999లో హాఫ్ లైఫ్ అనే గేమ్‌కి మాడ్‌గా, అంటే దాన్ని ఫ్యాన్స్ మార్చి చేసిన రూపంగా పుట్టిన గేమ్, అందుకని ఆ సిస్టమ్స్‌లో హాఫ్ లైఫ్ కూడా ఉండేది, ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు. ఒకరోజు ఫ్రెండ్స్ ఎవరూ రాలేదు, సరేలే అని అది ఓపెన్ చేశా. ట్రామ్‌లో కూర్చోబెట్టి తీస్కెళ్తూనే ఉన్నాడు, దాదాపు 5 నిమిషాలు, చేతిలో గన్ లేదు, కాల్చడానికి ఎవరూ లేరు, స్పీకర్‌లో ఒకావిడ టైమ్ ఉదయం 8:47 అని, బయట ఎండ 93 ఫారెన్‌హీట్ డిగ్రీలని చదువుతోంది, నా 20 రూపాయలు కరిగిపోతున్నాయి, అయినా నేను లేవలేదు. ఎందుకంటే తల తిప్పొచ్చు, ట్రామ్‌లో అటూ ఇటూ నడవొచ్చు, కిటికీలోంచి ఒక గార్డ్ తాళం పడిన తలుపు బాదుతూ కనిపిస్తాడు, ఇంకో వైపు చూస్తుంటే వాణ్ణి మిస్ అయిపోతాం. అది 1998 గేమ్. ఎవరూ నాకు కథ చెప్పలేదు, నేను డ్యూటీకి వెళ్తున్నాను, అంతే.

ఆ తర్వాత ల్యాబ్ లాబీలోంచి నడుస్తాం, సైంటిస్టులు పలకరిస్తారు, ఎక్స్‌పెరిమెంట్ చెయ్యడానికి కిందకి వెళ్తాం, అది వికటిస్తుంది, మళ్ళీ అదే దారిలో వెనక్కి రావాలి. ఇందాక నవ్వుతూ దాటిన అదే గది, ఇప్పుడు లైట్లు పోయి, మనుషులు పడిపోయి ఉంటుంది. ఒక్క డైలాగ్ అక్కర్లేదు. ఒకే చోటుని రెండుసార్లు నడిపించడం అనేది మన దగ్గర ఉన్న అన్నిటికంటే బలమైన పని అని నా నమ్మకం, నీ స్క్రిప్ట్‌లో ఏ చోటుకీ రెండోసారి వెళ్ళలేదు, గమనించావా?

ఆ గేమ్ కథ రాసిన మార్క్ లైడ్‌లా అంతకుముందు నవలలు రాసిన మనిషి. మాటలు తెలిసిన మనిషి వచ్చి, హీరో గోర్డన్ ఫ్రీమన్‌తో ఒక్క మాట కూడా పలికించలేదు. దీని గురించి చాలా ఆలోచించు.

బ్రేక్ రూమ్‌లో ఒక మైక్రోవేవ్ ఉంటుంది, బటన్ నొక్కుతూ పోతే లోపలున్న ఎవరిదో భోజనం పేలిపోతుంది, పక్కనున్న సైంటిస్ట్ తిట్టుకుంటాడు. కథకి దానితో ఏ పనీ లేదు. కానీ 9 ఏళ్ళ తర్వాత, 2007లో వచ్చిన హాఫ్ లైఫ్ 2 ఎపిసోడ్ టూలో డాక్టర్ మాగ్నసన్ అనే ఆయన ఆ మైక్రోవేవ్ సంగతి ఎత్తి గోర్డన్‌ని దెప్పుతాడు! ఇది చూసినప్పుడల్లా నాకు అష్టావధానం గుర్తొస్తుంది. అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన అడ్డదిడ్డంగా ఏదో అడుగుతాడు, అవధాని విసుక్కోకుండా దాన్ని కూడా సభలోకి కలుపుకుని మళ్ళీ పద్యం దగ్గరికి వస్తాడు. మన ప్లేయర్ పుట్టుకతోనే అప్రస్తుత ప్రసంగి. వాణ్ణి కట్టేసి కథ వినిపించాలని చూడకు, వాడి అల్లరిని కలుపుకో.

హాఫ్ లైఫ్ 2 (2004) మొదట్లో రైల్వే స్టేషన్‌లో ఒక గార్డ్ ఖాళీ క్యాన్‌ని కావాలని కింద పడేసి, తీసి చెత్తబుట్టలో వెయ్యి అంటాడు. అప్పటికి మన చేతిలో ఏమీ లేదు. తీసి బుట్టలో వేస్తే నవ్వి పక్కకి జరుగుతాడు, వాడి మొహాన కొడితే లాఠీతో వెంటపడతాడు. పైకి చూస్తే అది వస్తువులు ఎత్తడం, విసరడం నేర్పే ట్యుటోరియల్, కానీ ఈ ఊళ్ళో ఎవరి రాజ్యం నడుస్తుందో ఆ పది సెకన్లలో అర్థమైపోతుంది, ఎందుకంటే అవమానం పడింది హీరో కాదు, నువ్వే వంగి క్యాన్ తీశావు. నేనైతే మొదటిసారి బుట్టలోనే వేశాను, ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

ఇక ప్లేయర్ చేతిలోంచి కంట్రోల్ లాక్కోవడం. కాల్ ఆఫ్ డ్యూటీ 4 (2007)లో అణుబాంబు పేలాక కూలిన హెలికాప్టర్‌లోంచి మనం ఆడుతున్న సైనికుడు జాక్సన్ పాక్కుంటూ బయటకొస్తాడు. కంట్రోల్ మనదే, కదలొచ్చు, కానీ ఎటు వెళ్ళినా చేసేదేం లేదు, కాసేపటికి అతను చనిపోతాడు. కదిలే స్వేచ్ఛ ఇచ్చి గెలిచే దారి ఇవ్వకపోవడం, అదే సీన్ కట్‌సీన్‌గా చూపిస్తే సగం కూడా నొప్పి పుట్టదు. అదే ఏడాది వచ్చిన బయోషాక్ ఇంకా దూరం వెళ్ళింది, రేడియోలో అట్లాస్ అనే ఆయన మర్యాదగా అడిగినవన్నీ మనం చేసుకుంటూ పోతాం, ఏ గేమ్‌లోనైనా అంతే కదా అని, తీరా ఆ నగరాన్ని కట్టిన ఆండ్రూ రయన్ ఎదురుపడినప్పుడు కంట్రోల్ మన చేతిలో ఉండదు, అప్పుడు తెలుస్తుంది అది ఇందాకటి నుంచీ లేదని. మహా గొప్ప సీన్ అది. కానీ దాని తర్వాత మళ్ళీ ఇంకొకరు చెప్పిన పనులే చేసుకుంటూ పోవాలి, అక్కడ గేమ్ తను చెప్పిన మాటకి తనే కట్టుబడలేదు అని నాకు అనిపిస్తుంది. డూమ్‌లో కథ లేదంటారు, 1993 నాటి ఆ గేమ్ మొదటి ఎపిసోడ్ ఎండింగ్ ఒకసారి ఆడి చూడు, గెలిచాక చీకటి గదిలో పడేసి చంపేస్తుంది.

నీకు పనికొచ్చే మాట ఒకటి. నా మొదటి ప్రాజెక్ట్‌లో ఒక ఆఫీసర్‌కి 3 నిమిషాల స్పీచ్ రాశాను, వారం రోజులు కష్టపడి. టెస్టింగ్‌లో ఆడిన అబ్బాయి ఆ స్పీచ్ అంతసేపూ టేబుల్ మీద ఎగురుతూ ట్యూబ్‌లైట్లు కాల్చాడు. నాకు ఏడుపొచ్చింది, కానీ తప్పు వాడిది కాదు. అప్పట్నుంచీ రాసే ముందు లెవెల్ డిజైనర్ పక్కన కూర్చుంటా, ఈ గుమ్మం దాటగానే చూపు ఎటు పోతుంది, లైట్ ఎక్కడుంది, ఇక్కడ ఎంతసేపు నిలబడతాడు అని అడుగుతా, తర్వాతే ఎక్సెల్ షీట్‌లో డైలాగ్ పెడతా. శత్రువులు అరిచే చిన్న చిన్న లైన్లు కూడా శ్రద్ధగా రాయి, ప్లేయర్ వాటిని వందసార్లు వింటాడు, ఒకే మాటకి ఏడెనిమిది రకాలు కావాలి.

ఇప్పుడు నీ 12 పేజీలు. ల్యాంప్ రూమ్ గురించి నువ్వే నాకు ఫోన్‌లో చెప్పావు, షిఫ్ట్‌కి దిగేవాళ్ళు నంబర్ ప్రకారం క్యాప్ ల్యాంప్ (టోపీకి తగిలించుకునే లైటు) తీసుకుంటారని, పైకొచ్చాక అక్కడే పెడతారని, ఖాళీ కనిపిస్తే ఎవరో ఇంకా కిందే ఉన్నట్టని. అది స్క్రిప్ట్‌లో ఎక్కడా లేదేంటమ్మా? గేమ్ అక్కడ మొదలుపెట్టు. వరసలో అన్ని ల్యాంపులూ వెలుగుతున్నాయి, ఒక్క గూడు ఖాళీ, కింద నంబర్, ప్లేయర్ దాని పక్క గూట్లోంచి తన ల్యాంప్ తీసుకుంటాడు. అమ్మ చెప్పే ఆ రెండు లైన్లు తలుపు బయటి నుంచి వినపడితే చాలు. చివర్లో పైకొచ్చి అదే గదిలోకి వస్తాడు కదా, చేతిలో అన్న ల్యాంప్ ఉంటుంది. ఏ బటన్ నొక్కాలో స్క్రీన్ మీద చూపించకు, మ్యూజిక్ వద్దు, వాడికి తోచినప్పుడు పెడతాడు.

ఈ రెండు సీన్లే రాసి పంపు, ఆదివారం లోపు. మిగతా పేజీలు పారేయకు, దాచుకో.

అన్న