అబ్బాయికి గైడ్ డాగ్ అంటున్నావట

అమ్మలూ,

అబ్బాయి తనకీ నాలాగే గైడ్ డాగ్, అదే చూపులేనివాళ్లని నడిపించే కుక్క, కావాలంటున్నాడని, నువ్వు అప్లికేషన్ తెప్పించావని మీ అమ్మ చెప్పింది. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. పదిహేనేళ్లవాడు నోరు తెరిచి అడిగాడంటే ఒక్కడే బయట తిరగాలని ఉందన్నమాట. ఎంత సంతోషమో! గుబులు మాత్రం వాడి గురించి కాదు, నీ గురించే.

డాక్టరు కాగితాలు, ఇంట్లో ఎవరికైనా కుక్కబొచ్చు పడదేమో చూడటం నీ పని. ఈ కుక్కలకి శిక్షణనిచ్చే స్కూళ్లు చాలావరకు 16 ఏళ్లు నిండితే గానీ కుక్కనివ్వవు, అది కూడా కనుక్కో. అప్లికేషన్ మాత్రం వాడినే నింపనివ్వు. 1927లో మోరిస్ ఫ్రాంక్ అనే చూపులేని కుర్రాడికి వాళ్ల నాన్న పత్రికలో ఈ కుక్కల గురించి వచ్చిన వ్యాసం చదివి వినిపిస్తే, అది రాసినావిడకి ఆ అబ్బాయే ఉత్తరం రాశాడు. మరుసటి ఏడు స్విట్జర్లాండ్ వెళ్లి బడ్డీ అనే కుక్కతో అమెరికా తిరిగొచ్చాడు. చదవడం తండ్రి వంతు, ఉత్తరం కొడుకు వంతు. ఆ పంపకం నాకు నచ్చుతుంది.

కుక్కకి దారి తెలుసనుకుంటారు అందరూ. తెలియదు. ఫుట్‌పాత్ అంచు రాగానే ఆగుతుంది, స్తంభాలూ గుంతలూ తప్పిస్తుంది, తలుపు వెతికి పెడుతుంది. ఎడమా కుడా అన్నది వాడే చెప్పాలి. సిగ్నల్ లైట్లూ అది చూసి చెప్పదు. బండ్ల చప్పుడు విని, ఇప్పుడు దాటొచ్చు అని వాడే తేల్చుకోవాలి. వాడు పొరబడి పద అన్నా బండి వస్తుంటే అది కదలదు. అలా మొండికేయడం కూడా దానికి నేర్పిన పనే. కానీ దాన్నే నమ్ముకుని రోడ్డు దిగకూడదు. అందుకని ముందు తెల్లకర్ర. స్కూలుకి, బస్ స్టాపుకి, స్నేహితుడింటికి కర్రతో ఒక్కడే వెళ్లి రావాలి. నాలుగడుగుల వెనక నువ్వు చప్పుడు కాకుండా నడిస్తే అది ఒక్కడే వెళ్లడం కాదు. మాకు వినపడుతుంది తల్లీ.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి. నా మొదటి గైడ్ డాగ్ బ్రూనో నా దగ్గరికొచ్చినప్పుడు, తిండి నేనే పెట్టాలి, ఇంకెవరూ ఏమీ వేయకూడదు అని స్కూలు వాళ్లు గట్టిగా చెప్పారు. మీ అమ్మమ్మ సరేనంది. ఆవిడ సరే అంటే ఏమిటో నీకు తెలుసుగా. నేను స్నానానికి వెళ్లగానే తన కంచంలోంచి ఓ ముద్ద. మధ్యాహ్నం ఇంకోటి. "నోరులేని జీవం అలా చూస్తుంటే నాకు ముద్ద దిగుతుందా" అనేది. కొన్నాళ్లకి నేను పిలిచినా అది వంటింటి గుమ్మం వదిలేది కాదు. అక్కడితో ఆగితే నవ్వుకునేవాళ్లం. ఓ సాయంత్రం బ్రూనో, నేను నడిచి వస్తున్నాం. కుక్క తల ఎటు తిరిగినా, దాని ఒంటికి తొడిగే పట్టీల హార్నెస్ పిడిలోంచి చేతికి తెలుస్తుంది. నా ఎడమచేతిలో పిడి ఉన్నట్టుండి కిందికి వాలి పక్కకి లాగింది. ఎవరో తిని పారేసిన పొట్లం. దాని మూతి పొట్లంలో, నా కాలు ఫుట్‌పాత్ అంచు దాటి గాల్లో. మోకాలు చీరుకుపోయింది. స్కూటర్ హారన్ చెవి పక్కనే మోగింది. ఇంట్లో అడక్కుండానే ముద్ద దొరికే కుక్కకి రోడ్డు మీద పడున్నది మాత్రం ఎందుకు తనది కాదు? ఆ రాత్రి నాకు కట్టు కడుతూ మీ అమ్మమ్మ ఏడ్చింది. పొద్దున్నే మళ్లీ పెట్టింది. చివరికి కుక్కనీ దాని గిన్నెనీ నా గదిలో పెట్టి గడియ వేసుకున్నాను. పాడైన అలవాటు మాన్పించడానికి ట్రైనర్‌కి నెలలు పట్టింది.

నువ్వు ఆవిడ మనవరాలివి. ఆ చెయ్యి నీకూ వచ్చింది. వాడి షూ లేసులు ఇప్పటికీ నువ్వే కడతావట!

కుక్క తిండి, బ్రష్ చేయడం, బయటికి తీసుకెళ్లడం అన్నీ వాడివే. బయట అది ఆగగానే వీపు మీద చెయ్యేసి చూడాలి. వీపు గుండ్రంగా వంగితే పెద్దపని. చేతికి కవర్ తొడుక్కుని, తడిమి, తీసి పారేయాలి. వాడి ముందు నువ్వు ఛీ అనకు. "పనిలో ఉందండీ, ముట్టుకోకండి" అనడం కూడా ఇప్పటినుంచే అలవాటు చేయించు, వాడసలే మొహమాటస్థుడు. మీ ఆయన్ని ముట్టుకోబోయే బయటివాడిలా నటించమను. స్కూలు వాళ్లొచ్చి, నడక వేగం చూడటానికి కుక్క బదులు తామే హార్నెస్ ముందు పట్టుకుని వాణ్ణి నడిపిస్తారు. అప్పుడు నవ్వకు. శిక్షణకి రెండు మూడు వారాలు అక్కడే ఉండమంటే నేనూ వస్తానని బయల్దేరకు.

ఇంకొకటి ఉంది. ఈ కుక్కలు రెండేళ్లప్పుడు పనిలోకొస్తే సుమారుగా ఎనిమిదేళ్లు చేస్తాయి. వీడు ఉద్యోగంలో కుదురుకునే వేళకి అది పని మానేస్తుంది. నేను రెండో కుక్కకి హార్నెస్ తొడుగుతుంటే బ్రూనో లేచొచ్చి, ఎప్పటిలా నా ఎడమపక్కన నిలబడింది. ఈ సంగతి వాడికి నేనే చెప్తాను, నువ్వైతే చెప్పకముందే ఏడుస్తావు. ఆదివారం వాణ్ణే ఫోన్ చేయమను. స్పీకర్ పెట్టించి పక్కన కూర్చోకు.

మీ పెద్దమ్మ