కారు కిందికి దూరాలంటే ర్యాంపులా, స్టాండ్లా?

ప్రశ్న: మాది తిరుపతి. చిన్న కారుకు ఇంట్లోనే ఆయిల్ మార్చుకోవాలనుంది, తర్వాత బ్రేకులూ చూసుకోవాలి. ర్యాంపులు కొనాలా, జాకీ స్టాండ్లా?

జవాబు: బ్రేకుల పని ఉందన్నారు కాబట్టి స్టాండ్లే కొనండి, జాకీతో లేపిన కారును కింద నుంచి మోసేవి అవే. ర్యాంపుల మీద బరువంతా చక్రాలపైనే ఉంటుంది, వాటిని ఊడదీయలేరు. పైగా నున్నటి పార్కింగ్ టైల్స్ మీద కారు ఎక్కుతుంటే ర్యాంపు ముందుకు జారుతుంది. మీ కారుకు 2 టన్నుల స్టాండ్ల జత చాలు. మట్టయినా, మన ఎండకు మెత్తబడ్డ తారైనా స్టాండ్ల కాళ్లు దిగబడతాయి. చదునైన కాంక్రీటే కావాలి.

ముందు వైపు లేపితే గేరు, హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రెండువైపులా చెక్కలు పెట్టండి. వెనక లేపితే హ్యాండ్‌బ్రేక్ పనికిరాదు, అది పట్టేది ఆ వెనక చక్రాలనే. అప్పుడు చెక్కలు ముందు చక్రాలకు.

ఒక్క జాకీని నమ్మి మాత్రం దూరకండి. ఆయిల్‌తో పనిచేసే జాకీలో సీలు కారితే కారు దిగిపోతుంది. ఇటుకలు వద్దే వద్దు, ఉన్నట్టుండి పగులుతాయి. స్టాండ్ల మీద దించాక, దూరే ముందు కారును పక్కనుంచి గట్టిగా ఊపి చూడండి.