రెండున్నర కిలోమీటర్లే అయితే సైకిలే మేలు

అబ్బాయి ఆరో తరగతి, బడి రెండున్నర కిలోమీటర్ల దూరం, ఆటో మానిపించి సైకిల్ ఇవ్వవచ్చా అని ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒకరు అడిగారు. మాదీ ఒడిశాలోనే, గుణుపురం. మా అమ్మాయి ఆ వయసులో ఉన్నప్పుడే ఆటో మానిపించాం. మీరూ ఇవ్వండి, కాకపోతే ముందు దారి చూసుకోండి.

ఆటోలో త్వరగా చేరతారన్నది భ్రమ. అది మొదట మా ఇంటికే వచ్చేది. వీధివీధీ తిరిగి అందరినీ ఎక్కించుకుని బడికి చేరేసరికి ముప్పావుగంట పట్టేది. సైకిల్ మీద పావుగంట చాలు. మిగిలిన అరగంటలో పిల్ల కుదురుగా కూర్చుని టిఫిన్ తింటోంది. అంతకుముందు హారన్ మోగగానే ప్లేటు వదిలి పరుగెత్తేది.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ట్యూషన్లు వచ్చాక సాయంత్రం ఆట ఎక్కడుంది? రానూపోనూ సైకిల్ తొక్కితే అందులో సగం తీరిపోతుంది. 2012లో డెన్మార్క్‌లో దాదాపు 20 వేల మంది పిల్లలను పరీక్షిస్తే, నడిచి గానీ సైకిల్ తొక్కి గానీ బడికి వచ్చేవారి ఏకాగ్రత మెరుగ్గా ఉన్నట్టు తేలింది. మార్కులకు మాత్రం నేను పూచీ పడను. మా అమ్మాయి లెక్కల మార్కులు ఉన్నచోటే ఉన్నాయి.

నేను ఎదురుచూడని లాభం ఒడియా. మా ఇంట్లో అంతా తెలుగే. దారిలో తోడు వచ్చే పిల్లలతో మాట్లాడీ మాట్లాడీ దానికి ఒడియా పట్టుబడింది. ఒకసారి చైను తెగితే దుకాణానికి తనే నడిపించుకెళ్లి, బేరమాడి బాగు చేయించుకుని వచ్చింది. ఇన్నేళ్లుగా ఇక్కడే ఉన్న నేను ఇప్పటికీ అంత ధాటిగా బేరమాడలేను.

ఇక దారి సంగతి. లారీలు తిరిగే రోడ్డు దగ్గరైనా వద్దు, కాస్త చుట్టయినా లోపలి వీధులే నయం. రైల్వే గేటు ఉంటే దిగి నడిపించుకు వెళ్లడం అలవాటు చేయండి. మొదట్లో కొన్నాళ్లు మీరూ వెనకాలే వెళ్లండి, ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు పిల్లలను కలిపి పంపండి. చిన్న తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్లకు అప్పుడే వద్దు. ఎదురొచ్చే బండి వేగం ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలకు సరిగా అంచనాకు అందదు, వాళ్లను పెద్దవాళ్లే నడిపించుకు వెళ్లాలి. కుండపోత వాన కురిసే రోజున ఆటోయే ఎక్కించండి, అందులో నామోషీ ఏమీ లేదు. ఎండాకాలం ఒంటిపూట బడి కాబట్టి ఎండ ముదరకముందే ఇల్లు చేరతారు.

ఎదుగుతాడు కదా అని పెద్ద సైకిల్ కొనకండి. సీటు మీద కూర్చుంటే పాదాల ముందుభాగం నేలకు ఆనాలి. పుస్తకాల సంచి వీపున కాకుండా క్యారియర్‌కు కట్టించండి. కొనేముందు బడిలో నీడ ఉన్న స్టాండు ఉందో లేదో కనుక్కోండి. మా అమ్మాయి బడిలో గోడ పక్కన ఎండలోనే నిలబెట్టేవారు, దాంతో టైర్లు తొందరగా పాడయ్యేవి. తల్లిదండ్రులం నలుగురం వెళ్లి అడిగితే రేకుల షెడ్డు వేయించారు.