టెక్ సందేహాలు: టైరు పెరిగితే గేరు మారినట్టే

రాయగడ పాఠకుడి ప్రశ్న: మా ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్‌కి కంపెనీ టైర్లు 245/70 ఆర్16. వాటి బదులు 265/75 ఆర్16 వేయించి, ముందు స్టీలు బంపర్, వించి (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం), పైన క్యారియర్ బిగించాం. సాలూరు ఘాట్‌లో బండి లాగడం లేదు, మైలేజీ పడిపోయింది. ఇంజిన్‌లో లోపమా?

ఇంజిన్ విప్పించకండి. ముందు టైరు లెక్క చూడండి. పాత టైరు ఎత్తు 749 మి.మీ., కొత్తది 804. అందులో సగమే, అంటే 27 మి.మీ. మాత్రమే, బండి అడుగు నేల నుంచి పైకి లేచింది. దానికి బదులుగా చక్రం దగ్గర లాగుడు దాదాపు 7 శాతం తగ్గింది. సైకిల్‌కి వెనక చక్రం పెద్దది వేసి, పళ్ల చక్రాలు మార్చకుండా తొక్కినట్టే. రెండో గేరులో ఎక్కిన మలుపులకు ఇప్పుడు మొదటిది కావాలి.

అంతకంటే నన్ను కలవరపెట్టేది దిగుడు. ఇంజిన్ పట్టి ఆపే బలమూ, బ్రేకు పట్టూ అంతే తగ్గుతాయి, పైగా బరువు పెరిగింది. పొట్టంగి నుంచి సాలూరు వైపు దిగేటప్పుడు ఇదివరకటి కంటే ఒక గేరు తక్కువలో ఉండండి. పొడి తారు మీద మాత్రం ఫోర్‌వీల్ వేయకండి, ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే ఇంజిన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె, బిగుసుకుంటుంది.

మైలేజీ నష్టంలో కొంత మీటరు చెప్పే అబద్ధం. మీటరు 400 కి.మీ. చూపితే బండి 429 నడిచింది. 40 లీటర్లు పడితే మైలేజీ 10 కాదు, 10.7. వేగమూ అంతే, తక్కువ చూపిస్తుంది. తిన్నని రోడ్డు మీద పక్కనున్నవాళ్లను ఫోన్ జీపీఎస్‌లో వేగం చూడమని పోల్చుకోండి.

బరువు ఊహించొద్దు, కాటా వేయించండి. ట్యాంకు నింపి, మనుషులతో మొత్తం బండి ఒకసారి, ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి ఇంకోసారి. ఆర్సీలో రాసిన గరిష్ఠ బరువు దాటితే క్యారియర్ మీది సామాను ముందు దించండి. ఎత్తులో ఉన్న బరువే మలుపుల్లో బండిని వాల్చుతుంది. 20 లీటర్ల డీజిల్ డబ్బా ఒక్కటే 17 కిలోల పైన.

స్టీరింగు పూర్తిగా తిప్పి, లోడుతో, ఒక చక్రం రాయి మీదకు ఎక్కించి చూడండి. చక్రం పైన గూడులోని ప్లాస్టిక్ మీద నల్లగా మెరిసే గీత పడితే టైరు రాసుకుంటోంది. ఎర్రమట్టి పేరుకుంటే ఆ సందు ఇంకా తగ్గుతుంది. స్టెప్నీ కూడా అదే సైజు ఉండాలి.

బండి ముందు బిగించే ఇనుప క్రాష్ గార్డులు వద్దని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. మీ బంపర్ ఆ కోవలోకి వస్తే తీసేయండి.

జయపురం నుంచి: ఎల్‌ఈడీ బార్ వేయగానే హెడ్‌లైటు ఫ్యూజు పోతోంది. పెద్ద ఫ్యూజు వేయొచ్చా?

వద్దు, ఫ్యూజు బదులు వైరు కాలుతుంది. 120 వాట్ల బారు 12 వోల్టుల మీద 10 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ నుంచి 2.5 చదరపు మి.మీ. రాగి వైరుతో విడిగా లైను తీసి, బ్యాటరీకి జానెడు లోపే 15 ఆంపియర్ల ఫ్యూజు, ఆ తర్వాత రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చి) పెట్టించండి. హెడ్‌లైటు వైరు రిలేకి సంకేతం ఇస్తే చాలు.