ఐదో తరగతికి వచ్చినా వత్తులు రావడం లేదు

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లాలో ఇద్దరు టీచర్లున్న ప్రాథమిక పాఠశాల. నాలుగు, ఐదు తరగతుల్లో చాలామందికి వత్తులున్న పదాలు చదవడం రాదు. జూన్‌లో బడి తెరవగానే వాళ్ల కోసం ఒక కార్యక్రమం మొదలుపెట్టాలని ఉంది. ఊళ్లో దాతలు ట్యాబ్‌లు ఇస్తామంటున్నారు. ప్రణాళిక ఎలా వేసుకోవాలి మేడమ్? సిలబస్ ఏమవుతుందోనని టెన్షన్‌గా ఉంది.
- ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: అమ్మా, ట్యాబ్‌ల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక్కొక్కరినీ విడిగా దగ్గర కూర్చోబెట్టుకుని చదివించండి. పాఠ్యపుస్తకం మాత్రం ఇవ్వకండి. నేను పనిచేసిన బళ్లో ఒక పాప పాఠమంతా గడగడా చెప్పేసేది. చూస్తే వేలు ఒక వరుసలో, నోరు మరో వరుసలో! అంతా కంఠతా పట్టింది. అందుకే వాళ్లు ఎప్పుడూ చూడని పేరా మీరే రాసి పెట్టుకోండి. పిల్లలు ఏ స్థాయిలో చదవగలరో ఇంటింటికీ వెళ్లి చూసే 'అసర్' సర్వేలో వాడే పద్ధతి చాలా తేలిక. ముందు ఒకటో తరగతి స్థాయి పేరా ఇస్తారు. అది చదివితే రెండో తరగతి స్థాయి కథ, చదవలేకపోతే పదాలు, అవీ రాకపోతే అక్షరాలు. ఒక్కొక్కరికి కొద్ది నిమిషాలు చాలు.

ఇక రోజూ ఒక గంట తరగతులను పక్కన పెట్టి, 3, 4, 5 తరగతుల పిల్లలను చదవగలిగే స్థాయిని బట్టి కలపండి. పదాలు, పేరా చదవగలిగేవాళ్లను ఒకరు తీసుకోండి. అక్షరాలు, గుణింతాల దగ్గర ఆగినవాళ్లను, 1, 2 తరగతులను ఇంకొకరు చూడాలి. ఇదే కష్టమైన పని, మీ ఇద్దరిలో అనుభవం ఎక్కువున్నవారే తీసుకోండి. పెద్ద పిల్లలను మాత్రం ఒకటో తరగతి వాళ్ల పక్కన కూర్చోబెట్టొద్దు, చిన్నబుచ్చుకుంటారు. వరండాలో వేరే గుండ్రంగా కూర్చోబెట్టండి. జట్లకు పూల పేర్లో పక్షుల పేర్లో పెట్టండి. 'వెనకబడినవాళ్లు' అన్న మాట బళ్లో వినపడకూడదు.

ఆ గంటను ఎవరికీ ఇవ్వకండి. నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. 2019లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, పిల్లల చదువు కోసం పనిచేసే 'ప్రథమ్' స్వచ్ఛంద సంస్థతో కలిసి హర్యానా ప్రభుత్వ బడుల్లో స్థాయిని బట్టి కలిపే ఈ పద్ధతిని పరీక్షించారు. అక్కడ దీనికోసమే రోజూ ఒక గంట కేటాయించారు, పర్యవేక్షించేవాళ్లు బడికి వచ్చి చూశారు. పిల్లల చదువు మెరుగైంది. పుస్తకాలు, శిక్షణ ఇచ్చి వదిలేసిన ఇతర చోట్ల అంత ఫలితం రాలేదు. చుట్టుపక్కల బడులను చూసుకునే మీ కాంప్లెక్స్ హెచ్ఎం గారిని వారానికోసారైనా ఆ గంటలోనే రమ్మని అడగండి.

సిలబస్‌కు మిగతా పూటంతా ఉంది కదా. పేరా చదవలేని పిల్లకు పరిసరాల విజ్ఞానం ఎంత చెప్పినా ఎక్కదు.

నెలన్నరకోసారి మళ్లీ చదివించండి. మధ్యలో ఎవరికైనా వత్తులు పట్టుబడితే ఆ తేదీ కోసం ఆగకుండా మర్నాడే పై జట్టుకు పంపండి. పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు పట్టుబడేలా చేసేందుకు 2022లో వచ్చిన ప్రభుత్వ కార్యక్రమం 'తొలిమెట్టు' రికార్డులు ఎలాగూ రాస్తున్నారు, కొత్త రిజిస్టర్లు పెట్టకండి. పిల్ల పేరు, చదివిన స్థాయి, తేదీ రాస్తే చాలు. దాతలను ట్యాబ్‌ల బదులు పెద్ద అక్షరాల కథల పుస్తకాలు అడగండి, పిల్లలు ఇంటికి తీసుకెళ్లేటన్ని.